ఆముదం డబ్బాకి తాళం

ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టేశాను. మాస్టారు లెమ్మంటే లేవడం, కూర్చోమంటే కూర్చోవడమే చదువైతే మా ఎద్దులు నాకంటే ముందే పాసైపోవాలి. మా అక్క అలా కాదు. అమ్మ మాట, పనిచోట మేస్త్రి మాట, ఆఖరికి బస్సు కండక్టరు మాట కూడా కాదనదు. "బంగారంలాంటి పిల్ల, ఎదురు సెప్పదు" అని ఊరంతా పొగిడేది. ఆ పొగడ్త వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇద్దరం పలాసలో ఒకే జీడి ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. నేను బాయిలర్ దగ్గర, అక్క పిక్కలు కొట్టే షెడ్డులో. పిక్క తొక్కలోని జిగురు తగిలితే చర్మం కాలిపోతుంది. అందుకే ఆడవాళ్ళు చేతులకి ఆముదం రాసుకుని పనికి కూర్చుంటారు. ఒకరోజు ఫ్యాక్టరీ షావుకారు వచ్చాడు. పప్పుకి ఆముదం మరకలున్నాయని కొన్నవాళ్ళు సరుకు తిప్పి పంపారట. "నేటి నుంచి ఆముదం బంద్" అన్నాడు. డబ్బా నా చేతికిచ్చి, బాయిలర్ గది అలమరలో పెట్టి తాళం వెయ్యమన్నాడు.

వేశాను. మాస్టారినే లెక్కచెయ్యని మొనగాణ్ణి, కిక్కురుమనకుండా తాళం వేసి, ఒక తాళంచెవి మేస్త్రికిచ్చి, రెండోది మొలతాడుకి కట్టుకున్నాను.

మిగతావాళ్ళు కొంగుచాటున చిన్న సీసాల్లో ఆముదం తెచ్చుకున్నారు. అక్క తేలేదు. వారం తిరక్కుండానే వేళ్ళన్నీ బొబ్బలెక్కి, అన్నం చెంచాతో తినడం మొదలుపెట్టింది.

"ఇంటికాడే రాసుకొని ఎల్లొచ్చు గదే?"

"బాబు వద్దన్నారు గదరా. పెద్దోలు సెప్తే ఇనాల."

"నూతిలో దూకమంటే దూకుతావేటి?"

"అలాగెందుకంటారు? మంచోరు."

"అవున్లే, అనడు. నిన్ను తియ్యడానికి మల్లీ మనిషిని పెట్టాల గదా!"

అక్క నవ్వలేదు. మాట వినడమే మంచితనమని మొదట చెప్పినవాడు ఎవడో గానీ, వాడు జన్మలో ఒక్క పిక్క కొట్టి ఉండడు.

మర్నాడు పొద్దున్నే తాళం తీసి, డబ్బా తెచ్చి షెడ్డు మధ్యలో పెట్టాను. ఆడవాళ్ళందరూ చేతులు ముంచారు. అక్క మాత్రం చేతులు ఒళ్ళో దాచుకుంది. మణికట్టు పట్టుకుని నేనే బలవంతంగా ముంచాను.

అప్పుడే షావుకారు వచ్చాడు. "తాళం ఎవడు తీసాడు?"

ఒక్కరూ తలెత్తలేదు. చాడీలు చెప్పడమే ఉద్యోగమైన మేస్త్రి కూడా పిక్కల బస్తా వైపు చూస్తూ నిలబడ్డాడు. షావుకారు నేరుగా అక్క దగ్గరికి వెళ్ళాడు. "నువ్వు సెప్పమ్మా. నువ్వు అబద్దమాడవు."

అక్క నన్ను చూసింది. చేతుల నుంచి ఆముదం కారుతోంది.

"మా తమ్ముడు, బాబూ."

అక్కడికక్కడే నన్ను పనిలోంచి తీసేశాడు. గేటు దాటుతుంటే "అదీ మనిషంటే!" అని అక్కని మెచ్చుకోవడం వినిపించింది. వెనక్కి తిరిగి చూశాను. అక్క కొంగుతో చేతులు శుభ్రంగా తుడుచుకుని పిక్క అందుకుంటోంది.

సాయంత్రం ఇంటికొచ్చి నా పక్కన కూర్చుంది. వేళ్ళ మీద పాత బొబ్బలు చితికి, కొత్తవి లేచాయి.

"కోపమొచ్చిందేటిరా? అడిగితే సెప్పొద్దా మరి?"

తిట్టడానికి నాకు తెలిసిన మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. కంచంలో అన్నం కలిపి ముద్ద చేశాను.

"నోరు తెరు" అన్నాను.

వెంటనే తెరిచింది.