తడి మెట్టు లెక్క

పోర్ట్ బ్లెయిర్ నడుమ ఉన్న పాత చెరువు మెట్లను ప్రతి సాయంత్రం లెక్కపెట్టి, తేదీ వేసి, నోటుబుక్కులో రాస్తాను. ఊరికి తాగునీరిచ్చే చెరువు కనుక నీటిమట్టం తెలిసి ఉండాలని మొదలైన అలవాటు. గట్టు మీద నడిచేవారు, బల్లలపై కబుర్లాడుకునేవారు నన్ను సర్కారు ఉద్యోగి అనుకునేవారు. రిటైరయ్యానని నేనెవరికీ చెప్పలేదు.

నా పక్కన కూర్చునే మిత్రుడిది శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన జాలరి కుటుంబం. పడవ ఇంజన్ల హోరులో చెవులు పోయాయి. ఎదురుగా నిలబడి పెదవులు కదిపితేనే మాట అందేది; ఫోను పనికిరాదు.

ఒక వేసవిలో నీరు బాగా దిగింది. బయటపడిన మెట్లు పన్నెండని నేను, పదకొండని అతను. తేడా అంతా నీరు అప్పుడే వదిలిన తడి మెట్టు గురించి.

“తడిగున్నంతసేపూ అది నీటిదే భయ్యా. నువ్వు రాసీసినంత మాత్రాన ఆరిపోద్దేటి?” అన్నాడు.

బల్ల మీది వారు నవ్వారు. లెక్కలు నీ వంటివాడికి అందవని నేనన్నాను. అతను నా పెదవులు చదివి, లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

వారం తరువాత నా మొదటి నోటుబుక్కు తీశాను. మొదటి పుటలో నా దస్తూరీతోనే నియమం ఉంది: తడి మెట్టు నీటి కింద లెక్క. ఎప్పుడు మార్చానో తెలియదు. పొరపాటు నాదని అతనికి ఎదురుగా చెప్పాలనుకున్నాను.

ఆ సాయంత్రమే ఉత్తరాన మాయాబందర్‌లో ఉండే అతని కూతురు సందేశం పంపింది. ద్వీపంలో పెరిగిన అమ్మాయి. తెలుగు మాటే గాని రాత రాదు, ఆంగ్ల అక్షరాల్లో రాస్తుంది. “అంకుల్, నాన్న ఇక నా దగ్గరే. జహాజ్ కల్.” జహాజ్ అంటే ఓడ; హిందీలో కల్ అంటే నిన్న, రేపు కూడా. నేను రేపనుకున్నాను. తెల్లవారి నోటుబుక్కు పట్టుకుని ఫీనిక్స్ బే రేవుకు వెళితే, ఆ జహాజ్ మొన్ననే వెళ్ళిపోయిందని టికెట్ల వరుసలోని వారు చెప్పారు.

వానలు తగ్గాక మాయాబందర్ వెళ్దామనుకున్నాను. వానలు తగ్గాక మరో సందేశం వచ్చింది: “అంకుల్, నాన్న పెద్దకర్మ కల్.” అతను పోయిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఫోను చేశాను.

“పోయిన కలా అమ్మా, రాబోయే కలా?”

“రేపే అంకుల్. మీకు ముందే చెప్పీసేననుకున్నాను.”

పెద్దకర్మ పదకొండో రోజున గనుక వెనక్కి లెక్కించి, నోటుబుక్కులో అతను పోయిన తేదీ తీశాను. “మెట్లు మూడు. వాన లేదు,” అని ఉంది. మూడో మెట్టు తడిగా ఉన్నదీ లేనిదీ రాయలేదు.