గుట్టకు దక్కని కానుగలు

పగతో పంచిన మొక్క నీడ చల్లగా ఉంటుందా? ఏళ్ల తరబడి ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. జవాబు చెప్పగలిగిన మనిషి పక్కింట్లోనే ఉన్నా అడగలేదు. పోయిన శుక్రవారం పొద్దున చాచీ గోడ అవతలి నుంచి పిలిచి, "బేటీ, మీ చాచా ఇగ లేరు" అంది.

జహీరాబాదుకు ఆయన అడవుల శాఖ రేంజరు సాబు. నాకు చాచా, బాబాయి వరస. యూనివర్సిటీ చదువు ముగించి ఇక్కడి ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరిన నాటి నుంచీ మా ఇళ్ల మధ్య ఒక్క మట్టిగోడే అడ్డం. చెవిలో అత్తరు దూది, ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ ఏవో గింజలు. ఎవరితో మాట్లాడుతున్నా వేళ్లు ఆ గింజలను నిమురుతూనే ఉండేవి. ఆయన్ను అందరూ మెత్తటి మనిషి అనుకునేవారు. నేను మాత్రం అనుకోలేదు. అవమానాన్ని ఆయన ఎన్నడూ మరిచిపోలేదు. నిజం చెప్పాలంటే అందుకే నాకు ఆయనంటే మరింత ఇష్టం.

పందొమ్మిది వందల యాభైల చివర్లో విదేశీ సాయంతో అడవులు పెంచే పథకం ఒకటి మా వైపు వచ్చింది. కోహీరు దారిలో ఉన్న బోడిగుట్టను పచ్చగా చేయాలన్నారు. నీళ్లు తోడే ఇంజను, ఇనుప గొట్టాలు, మొక్కలు పెంచే డబ్బాలు సముద్రం దాటి వచ్చి చాచా పై అధికారి బంగళా దగ్గర ఆగిపోయాయి. ఆ ఏడు అక్కడ గులాబీలు విరగబూశాయని విన్నాం. చాచాకు అందినవి నాలుగు గింజల సంచులు, వానల నాటికి మొక్కలు సిద్ధంగా ఉండాలన్న హుకుం.

"లేనిదాని కోసం ఏడ్వకు, ఉన్నదాన్ని తడుపు" అనేవారు చాచా. మా బడిలో నల్లబల్ల విరిగినప్పుడూ నాకు ఈ మాటే చెప్పారు. అప్పుడు ఒళ్లు మండింది.

ఆయన దగ్గర ఉన్నదల్లా మస్జిదు వెనక కాస్త ఖాళీ జాగా. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ నీళ్లు పూటపూటకూ వీధిలోకి పోయి బురదయ్యేవి. ఆ నీళ్లను కాలువ తీసి మళ్లిస్తానంటే పెద్దలు తటపటాయించారు. "దేవుని పేరు మీద కడిగిన చేతుల నీళ్లు. మొక్క వద్దంటదా?" అని అడిగారట చాచా. ఇక ఎవరూ కాదనలేదు. డబ్బాల బదులు మోదుగాకు దొప్పలు వాడారు. విస్తర్లు కుట్టే ముత్తమ్మ, ఆమె వాడకట్టు ఆడవాళ్లు ఎండిన ఆకులను నానబెట్టి, రెండేసి కలిపి పుల్లలతో లోతుగా కుట్టారు. దొప్పతో సహా గుంటలో పెట్టేస్తే చాలు, ఆకు మట్టిలో కలిసిపోతుంది, వేరు కదలదు. కానుగ, చింత, సీతాఫలం మొలిచాయి.

తొలి వానలు పడగానే విదేశీ నిపుణుడు వచ్చాడు. మర్నాడే నాటడం. దండలు వేయడానికి మా బడిపిల్లలను తీసుకుని నేనూ ఆ మస్జిదు వెనక తోటకు వెళ్లాను. అతను ఒక దొప్పను అరచేతిలోకి తీసుకుని ముచ్చటపడ్డాడు. పై అధికారి ఇంగ్లీషులో, ఇదంతా మీరు పంపిన ఇంజను చలవే అన్నాడు. చాచాను చూపించి, ఈయన ఇక్కడి కాపలా మనిషి అన్నాడు. చాచాకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఆయన నవ్వుతూ నిలబడ్డారు. జేబులో వేళ్లు మాత్రం ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున్నే అధికారి లారీతో వచ్చాడు. తోట తడిక దగ్గర చాచా అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"ఏం మొక్కలు సాబ్?" అన్నారు. "మీ మొక్కలు మీ ఇంజను కాడ ఉంటయి. ఇవి మస్జిదు నీళ్లవి."

"తమాషా చేస్తున్నవా? నౌకరీ పోతది."

"పోనియ్. దొర డాక్ బంగళాలనే ఉన్నడు గద, ఇద్దరం పోయి అడుగుదాం పా. నిజం చెప్పు, నేనే లారీకి ఎత్తుత."

లారీ ఖాళీగానే తిరిగిపోయింది. మధ్యాహ్నం జుమ్మా నమాజు నుంచి వచ్చిన వాళ్లకు, అంగడి నుంచి ఇళ్లకు పోయే ఆడవాళ్లకు, మా బడిపిల్లలకు చాచా తన చేతులతో మొక్కలన్నీ పంచేశారు. గుట్ట మీద సున్నం కొట్టిన రాళ్ల మధ్య ఖాళీ గుంటలను చూసి నిపుణుడు వెళ్లిపోయాడు. నిజం చెప్పలేక, అబద్ధం అతకక అధికారి నలుగురిలో నవ్వులపాలయ్యాడు. పథకం ఇంకో జిల్లాకు పోయింది, అధికారి ఎక్కడో మూల ఆఫీసుకు పోయాడు. ఆ కబురు తెలిసిన రోజు పండగ కాకపోయినా సేమ్యా పాయసం వండి గోడ మీంచి చాచీకి అందించాను. అంత తియ్యటి పాయసం మళ్లీ వండలేదు.

ఈ రోజు మా ఊళ్లో ఏ వాకిట్లో కానుగ కనబడినా అది ఆయన పగే.

కానీ గుట్ట అలాగే ఉంది. మూడు నాలుగేళ్ల తర్వాత ఒకనాడు ముత్తమ్మ కట్టెల మోపుతో మా వాకిట్లో ఆగింది. ఆ గుట్ట మీద పుల్ల దొరక్క, దాన్ని దాటి ఎక్కడికో పోయి వస్తోంది. చాచా మా అరుగు మీదే ఉన్నారు. "మీరిద్దరు సార్లు మంచిగ కొట్లాడుకున్నరు" అంది ఆమె. "గుట్ట నా నెత్తిన వడ్డది." చాచా లేచి మోపు దించుకోవడానికి చెయ్యి వేశారు. ఆ తర్వాత కోహీరు బస్సు ఎక్కినప్పుడల్లా గుట్ట కనబడని వైపు సీటు వెతుక్కునేవారు.

ఖననం అయిన మూడో రోజు ఆ అధికారి వచ్చాడు. ముసలివాడయ్యాడు, చేతికర్ర పట్టాడు. చాచీ లోపల ఉంది. నేను వాళ్ల వాకిట్లో కానుగ కింద మంచం మీద కూర్చుని ఉన్నాను. అతను ఎండలోనే నిలబడి, "నన్నెప్పుడన్న యాది చేసిండా అమ్మా?" అని అడిగాడు.

"రోజూ" అన్నాను.

అతను తల దించుకున్నాడు, వెళ్లలేదు. చాచా చేసింది న్యాయమా, లేక ముత్తమ్మ నెత్తిన మోపు పెట్టి ఒక మనిషిని గెలవడమా, నాకిప్పటికీ తేలలేదు. నేను జరిగి చోటివ్వలేదు. పొద్దు వాలుతుంటే కానుగ నీడ తనంతట తానే జరుగుతూ అతని చెప్పుల దాకా పోయింది.