రెండు ట్యూబుల రాజమాణిక్యం

రాజమాణిక్యం ఒక్కచోట కుదురుగా కూర్చున్నాడంటే తిరుత్తణి కొండ లేచి నడిచిందన్నట్టే లెక్క. పంతొమ్మిదివందల ఎనభై ఏడులో మరీ ఘోరం. వీధిలోకి వచ్చేవాడు, చేతులు చూసుకునేవాడు, లోపలికి పోయేవాడు, మళ్లీ వచ్చేవాడు. ఆ అడుగులన్నీ వరసగా పెడితే అరక్కోణం దాటేవి.

కారణం ఆ చేతులే. అతను కొండమీద మొక్కు గుండ్లు గీసే మంగలి. పదేళ్లుగా రెండు చేతులకూ సోరియాసిస్. ఎర్రటి మచ్చలు, వాటిమీద కొబ్బరి కోరులా రాలే పొలుసులు. అది అంటుకునే జబ్బు కాదు. కానీ తల వంచినవాడికి ఆ మాట ఎక్కుతుందా? కిందటేడు ఆడి కృత్తిక పండక్కి ఒకాయన సగం గుండుతోనే లేచి పరిగెత్తాడు. ఆ సగం గుండును చూసి కావడి మోసేవాళ్లు దారి తప్పారంటే నమ్మండి.

"వచ్చే కృత్తికలోగా చేతులు బాగుపడకుంటే కత్తి ముట్టొద్దు. వెంట్రుకలు ఊడ్చుకో," అన్నాడు కొండమీది మంగళ్లందరికీ మేస్త్రీ అయిన జయరామన్.

పద్నాలుగో ఏట కత్తి పట్టినవాడు ఊడ్చేదా! మద్రాసు రైలెక్కాడు. అక్కడ చర్మాల డాక్టరు శివప్రకాశం ఒక కొత్త లేపనాన్ని పరీక్షిస్తున్నాడు. విటమిన్ డితో చేసిందట, ఎండ తగిలితే ఒంట్లో పుట్టే సరుకట.

"ఎండకేం కొదవ సార్? మా ఊర్లో రాళ్లే ఉడుకుతాయి."

"ఎండ వేరే, ఇది వేరేయ్యా. లోపలుండే వాపు దీంతో తగ్గుతుందేమో చూస్తా ఉండాం. తగ్గుతాదని మాటియ్యలేను."

రెండు ట్యూబులిచ్చాడు. ఎర్రమూతది కుడిచేతికి, నీలం మూతది ఎడమచేతికి. ఒకదాంట్లోనే మందు, రెండోది ఉత్త లేపనం. ఏది ఏదో డాక్టరుకే తెలియదట. ఆరు వారాలు ఒకచేతిది ఇంకోచేతికి పూయనని రాజమాణిక్యం, కొండ ఏ దిక్కునుందో అడిగి మరీ, అటు తిరిగి ఒట్టేశాడు.

నాలుగో వారానికి కుడిచెయ్యి పసిబిడ్డ బుగ్గలా తయారైంది. ఎడమది మాత్రం పాత చేపే. కుడిచెయ్యి కత్తి పడుతుంది, ఎడమచెయ్యే తల పట్టుకోవాలి. బాగుపడాల్సింది బాగుపడలేదు!

భార్య కస్తూరమ్మ ఊరుకోలేదు. "ఎర్రమూతది రవ్వంత దీనికీ పూస్తే ఎవురు చూస్తారు?"

"కొండమీది మురుగన్ చూస్తాడే."

"ఆయనకుండే పన్నెండు కండ్లకూ నీ ట్యూబులు తప్ప వేరే పన్ల్యా!"

అయినా ఒట్టు తప్పలేదు. రాత్రీ పగలూ ఆలోచించి కత్తిని ఎడమచేతికి మార్చాడు. బాగుపడిన చేత్తో తల పట్టుకోవచ్చు కదా! బావమరిది చౌడయ్యను పట్టుకుని సాధన మొదలుపెట్టాడు.

"బావా, నా చెవులుండాయా?"

"ఒకటుంది. గమ్మునుండు."

పది రోజుల్లో ఎడమచెయ్యి కుడిచేతికే పాఠాలు చెప్పేంత అయింది.

ఆరు వారాలు నిండకముందే వచ్చిన కృత్తిక రోజు మేస్త్రీ కన్నుగప్పి పీట వేసుకున్నాడు. ఆరణి నుంచి వచ్చిన చెంచమ్మ అనే అవ్వ మనవడిని తెచ్చి కూర్చోబెట్టింది. రాజమాణిక్యం ఎడమచేత్తో కత్తి తీశాడో లేదో, కేక పెట్టింది.

"ఓరి నాయనా! మురుగనికి మొక్కిన వెంట్రుకలు ఎడంచేత్తో తీస్తావా? ఎడంచేత్తో యిబూది యిస్తారా ఎవురన్నా?"

అన్నీ ఆలోచించినవాడికి ఈ ఒక్కటీ తట్టలేదు. వరసంతా ఇటు తిరిగింది. జయరామన్ పరిగెత్తుకొచ్చాడు. ఇక దాచేదేముంది? రాజమాణిక్యం రెండు చేతులూ చాపి డాక్టరు సంగతి, ట్యూబుల సంగతి, ఒట్టు సంగతి గడగడా చెప్పేశాడు.

"అంటుకోదమ్మా. అయినా మీకు రోత గదా, అందుకని..."

చెంచమ్మ ఆ చేతులు తిప్పి తిప్పి చూసింది. "ఒట్టు తప్పినావా?"

"తప్పల్యామ్మా."

"అయితే తల నేను పట్టుకుంటా. నువ్వు కుడిచేత్తో గొరుగు."

మనవడి తలను రెండు చేతుల్లో ఇరికించుకుంది. చిన్న గాటైనా పడలేదు. వెనకాలే ఒకామె మొగుడి మెడ వంచి, "ఇన్నాళ్లకు దొరికినావు, కదలొద్దు!" అని పట్టుకుంది. అలా ఎవరి తలలు వాళ్లే పట్టుకుంటూ మధ్యాహ్నానికి వరస కొండ దిగి రైల్వేస్టేషను దాకా పోయింది.

అంతలో తోడు లేని ముసలాయన ఒకడొచ్చి కూర్చున్నాడు. రాజమాణిక్యం కత్తి పట్టుకుని జయరామన్ మొహంలోకి చూశాడు. మేస్త్రీ అటూ ఇటూ చూసి, పంచె ఎగ్గట్టి, కింద కూర్చుని ముసలాయన తల పట్టుకున్నాడు.

"నన్నేం చూస్తావురా? కానియ్."