మధ్యాహ్నం రెండింటికి వచ్చిన కొత్త సంవత్సరం

ఆ రోజు నాకు అప్పగించిన మాటను నేను చేరవేయలేదు. పైగా ఎవరూ అనని మాటను అన్నట్టుగా చెప్పాను. రెండూ తెలిసి చేసినవే. ఇన్నేళ్ళ తర్వాత ఇది రాయడానికి కారణం మా వీధి చివరి ప్రైవేటు స్కూలు. పదో తరగతి పిల్లల వీడ్కోలు సభకు వారం రోజులుగా రిహార్సళ్ళు జరుగుతున్నాయి. నిన్న కూరగాయల సంచితో వస్తుంటే కీబోర్డు మీద ఒక పాత స్కాట్లండు పాట వరస వినిపించింది. గోడ మీదుగా చూస్తే పిల్లలు గుండ్రంగా నిలబడి, చేతులు కత్తెర వేసుకుని, పక్కవాళ్ళ చేతులు పట్టుకుని ఊగుతున్నారు. చేతులు మొదటి నుంచీ అలా వేయకూడదు, చివరి చరణం దాకా మామూలుగానే పట్టుకోవాలి. ఆ మాట డ్రిల్లు మాస్టారుతో చెబుదామని గేటు దాకా వెళ్ళి, ఆ పాట గురించి ఒకరికి చెప్పే అర్హత నాకుందా అనిపించి వెనక్కి తిరిగాను. టమాటాలు మరిచిపోయానని ఇంట్లో మాట పడ్డాను, అది వేరే సంగతి.

సౌదీలో నేనున్న పదమూడేళ్ళలో ఎక్కువ భాగం ఖమీస్ ముషైత్‌లోనే గడిచింది. అది కొండల మీది ఊరు. డిసెంబరులో పొద్దున తలుపు తీస్తే ఎదురింటి గోడ కనబడనంత పొగమంచు పట్టేది. విదేశీ ఇంజినీర్లు ఉండే ఒక కాంపౌండులో నేను మెయింటెనెన్సు ఆఫీసు గుమాస్తాను. ఎవరింట్లో గీజరు పాడైనా, కుళాయి కారినా ఫోను నాకొచ్చేది. నేను చీటీ రాసి మనిషిని పంపేవాణ్ణి. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినందువల్ల కుర్చీ దొరికింది. కుర్చీ దొరికినందువల్ల కొంచెం పొగరు కూడా పట్టింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్చీకి ఒక చెయ్యి విరిగి ఉండేది, దాన్ని తీగతో నేనే కట్టుకున్నాను.

ఆ కాంపౌండులో ఒక ముసలి స్కాట్లండు ఇంజినీరు ఒంటరిగా ఉండేవాడు. పొగమంచు పట్టిన రోజు అందరూ కిటికీలు మూసుకుంటే ఆయన తెరిచేవాడు. మా ఊరు వచ్చినట్టుంది అనేవాడు. ఆయనకు పాటల పిచ్చి. ఏ పాట పడితే ఆ పాట ఎప్పుడు పడితే అప్పుడు పాడడు. పశువులను ఎండాకాలం మేతకు కొండెక్కించేటప్పటి పాట ఒకటి, పంట కోతలో చివరి కంకుల పన కట్టేటప్పటిది ఒకటి, ఏడాది చివరి రోజున పిల్లలు ఇంటింటికీ తిరిగి రొట్టెలడిగే పాట ఒకటి. జనవరి ఆఖరున వాళ్ళ పల్లె కవి పేరున భోజనాలు పెట్టుకుని పాడేవి వేరే. ఏడాది తిరిగినప్పుడు చేతులు పట్టుకుని పాడేదే ఇప్పుడు ప్రపంచమంతా వాడుకుంటున్న పాట. సౌదీలో మేత కొండలూ లేవు, చివరి పనా లేదు. అయినా ఆయన గోడ మీది క్యాలెండరు చూసి మరీ పాడుకునేవాడు.

ఆయనకు జోడీగా దొరికిన మనిషి మా బావ, మా పెద్దనాన్న అల్లుడు. ప్లంబరు. మంచి నలుపు, ఇంకా నల్లని ఒత్తు జుట్టు. పెళ్ళిలో మా ఆడపిల్లలు ఆయన ముందు లాంతరు పట్టుకుని నిలబడితే, "పట్టుండ్రి పట్టుండ్రి, మీ అక్క రేపటి నుంచి ఎట్ల ఎతుక్కుంటదో చూస్త" అన్నాడు. అలాంటి మనిషి. వాళ్ళ ఊరు ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయింది. పునరావాస కాలనీలో ఇచ్చిన జాగాలో ఇల్లు పిల్లర్ల దాకా లేచి ఆగింది. అక్కా పిల్లలూ కిరాయి గదిలో ఉండేవాళ్ళు. స్లాబు పడేదాకా సౌదీ వదలనని బావ పట్టుదల.

పైపులు బిగిస్తూ బావ పాడేవాడు. ఒకసారి ముసలాయన వంటింట్లో సింకు కింద పడుకుని బావ జాజిరి పాట అందుకున్నాడట. పని అయ్యాక ముసలాయన నన్ను పిలిపించి అర్థం చెప్పమన్నాడు. మా వైపు కాముని పున్నానికి ముందు పిల్లలు కోలలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి పాడతారని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. మా పిల్లల పాటా అంతే కదా అన్నాడు. ఆ తర్వాత దసరా రోజుల్లో మళ్ళీ ఆ జాజిరి పాట పాడమని అడిగితే బావ ఒప్పుకోలేదు.

"గది పున్నం పాట సార్. ఇప్పుడు నోట్లెకెల్లి రాదు. గిప్పుడు బతుకమ్మ పాట గావాల్నంటే పాడుత, గని గది ఆడోళ్ళది, నవ్వొద్దు మరి."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ముసలాయన లేచి వచ్చి బావ చెయ్యి పట్టుకుని ఊపాడు. కాలం కాని కాలంలో పాడనివాణ్ణి ఈ దేశంలో మొదటిసారి చూశానన్నాడు. ఆ మాటను మాత్రం నేను బావకు చెప్పలేదు. "మంచిగ పాడినవంటుండు" అని కుదించేశాను. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేను, చేతులు కలిపేది బావతోనా అని లోపల ఒక ముల్లు. అది అసూయ అని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

అప్పటికి నితాఖత్ అనే కొత్త చట్టం వచ్చి కంపెనీలకు రంగులు పడ్డాయి. సౌదీలను సరిపడా పెట్టుకున్న కంపెనీ ఆకుపచ్చ, పెట్టుకోనిది ఎరుపు. ఎరుపు కంపెనీ మనుషుల అకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. బావ మా కంపెనీ మనిషి కాదు. మనుషులను సప్లై చేసే వేరే కంపెనీ ఆయనను మాకు పంపింది. అది ఎరుపులో పడింది. బావ అకామా జనవరితో అయిపోతుంది. ఉన్న దారి ఒక్కటే. పచ్చ కంపెనీ ఏదైనా తన పేరున రాయించుకుంటే ఆయన ఉండవచ్చు, లేకపోతే ఖురూజ్, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి. మాది పచ్చ కంపెనీయే. కానీ బయటివాళ్ళను ఎక్కువమందిని చేర్చుకుంటే రంగు మారుతుందని మా జోర్డాన్ మేనేజరుకు భయం. ఒక్కణ్ణే తీసుకుంటానన్నాడు. ఎవరన్నది సంవత్సరం మొదట్లో తేలుస్తానన్నాడు.

డిసెంబరు ముప్పైన ముసలాయన ఆఫీసు గుమ్మంలోనే నిలబడి, తొందర తొందరగా నాకొక పని అప్పగించాడు. ఆయన అక్క న్యూజిలాండులో ఉంటుంది. అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి మాకు మధ్యాహ్నం రెండు. ఇక్కడి అర్ధరాత్రి దాకా మేలుకోలేకా, కాంపౌండులో గొడవ ఎందుకనీ ఆయన అక్క గడియారంతోనే కొత్త సంవత్సరం చేసుకునేవాడు. భోజనాలు, ఫోనులో అక్క, పాట. "రేపు ఏడాది తిరగ్గానే నా గడప దాటే మొదటి మనిషి నల్లనివాడై ఉండాలి. మీ ప్లంబరును పంపు. చేతిలో ఒక బొగ్గు ముక్క, రొట్టె, ఉప్పు. మంచి బట్టలు వేసుకోమను, మీ మేనేజరు కూడా వస్తున్నాడు." అంతే చెప్పి వెళ్ళిపోయాడు.

నల్లనివాడు, చేతిలో బొగ్గు. నా చెవికి ఆ రెండే పట్టాయి. తెల్లవాళ్ళ దావతులో మా మనిషిని నిలబెట్టి వేడుక చూస్తారా అని ఒళ్ళు మండింది. మా వైపు పని మీద బయలుదేరేవాడికి ఎవరెదురొచ్చారన్నది పెద్ద సంగతి. ఎదురు మంచిది కాదని పేరు పడ్డవాణ్ణి పక్కకు తప్పుకోమంటాం. నల్లవాణ్ణి కోరి ముందు రమ్మనడం వెక్కిరింత తప్ప ఇంకేమిటనుకున్నాను. పరువు కాపాడుతున్నాననుకున్నాను. కానీ నిజంగా పరువే అయితే బావను అడిగి ఉండాల్సింది. అడగలేదు. మర్నాడు పన్నెండింటికే కాంపౌండు అవతలి చివర పంపు గదిలో వాల్వు మార్చే చీటీ రాసి ఆయనను పంపేశాను.

రెండింటికి, బావ రాడని చెప్పడానికి ముసలాయన ఇంటికి నేనే వెళ్ళాను. ఒక పదిమంది దాకా ఉన్నారు, అందరిదీ పసుపు జుట్టో ఎర్ర జుట్టో. మేనేజరు సోఫాలో కూర్చుని ద్రాక్షరసం తాగుతున్నాడు. తలుపు బార్లా తీసి ఉంది. నేను మెట్లెక్కి గడపలో కాలు పెట్టబోతుంటే ఇద్దరు ఆడవాళ్ళు "ఆగు, ఆగు" అని కేకలు వేశారు. నాకప్పటికే నున్నటి బట్టతల. మొదట దాటే మనిషికి జుట్టు లేకపోవడం వాళ్ళకు అరిష్టమట. నేను ఒంటికాలి మీద వెనక్కి దిగాను. ముసలాయన గుమ్మం దగ్గరికి వచ్చి, ప్లంబరు ఏడని అడిగాడు.

"రానన్నాడు సర్. మా వాళ్ళలో ఇలా పిలవడం అవమానం అనుకుంటాం" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. కోపమేమో అనుకున్నాను, కాదు. నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళ దేశంలో ఏడాది మొదటి అతిథి నల్లని మనిషి, అంటే నల్లజుట్టువాడు, అయితే ఆ ఇంటికి ఏడాదంతా మేలు. బొగ్గు పొయ్యి ఆరకుండా, రొట్టె కడుపు మాడకుండా. అంతకంటే పెద్ద గౌరవం వాళ్ళ దగ్గర లేదు. పాట అయ్యాక మేనేజరు ముందు బావ చెయ్యి పట్టుకుని, ఈ ఏడాది మా అదృష్టం ఇతను, ఇతన్ని పోనివ్వకండి అని అడగాలనుకున్నాడట. "అవమానమని నాకు తెలియదు. ఇంక ఆ మనిషి గురించి నేను మాట్లాడితే అది కూడా తప్పే అవుతుందేమో" అన్నాడు.

అప్పుడైనా నోరు విప్పవచ్చు. పంపు గది అక్కడికి పది నిమిషాల నడక. మేనేజరు పదడుగుల దూరంలో ఉన్నాడు. కానీ విప్పితే అబద్ధమాడినవాణ్ణి నేనని అందరిముందూ తేలుతుంది. నేను మెట్ల కిందే నిలబడ్డాను. చివరికి వంటకు వచ్చిన ఫిలిప్పీన్స్ అతనే వెనక తలుపున బయటికి వచ్చి, బొగ్గు పట్టుకుని ముందు గడప దాటాడు. ఫోనులో అక్క గొంతు వణుకుతూ అందుకుంది. అందరూ చేతులు పట్టుకున్నారు. చివరి చరణంలో కత్తెర వేశారు. ముసలాయన చేతులు పట్టుకున్నాడు గానీ పాడలేదు.

ఆ వారమే మేనేజరు ఉన్న ఒక్క చోటూ ఒక ఎలక్ట్రీషియనుకు ఇచ్చేశాడు. దావతు సంగతి బావకు ఎవరో చెప్పారు.

"ముసలాయన ఇంట్ల దావతాయెనంట గద బామ్మర్ది. నన్ను పిలువకపాయె?"

"పెద్దోళ్ళ దావతు బావా. మనల్నెందుకు పిలుస్తరు?" అన్నాను. ఇది మూడో అబద్ధం.

జనవరిలో అభా ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. బ్యాగు తూకం వేయించి వచ్చి బావ, "అన్ని పాటలు పాడిచ్చుకున్నడు. పోయేటప్పుడు ఒక్క మాటన్న అడగకపాయె. పెద్దోళ్ళు పెద్దోళ్ళే" అన్నాడు. నేను చెయ్యి ఊపాను.

కొన్నాళ్ళకు ముసలాయనా తన దేశం వెళ్ళిపోయాడు. తర్వాత లెవీలు వచ్చాయి. ఒక్కో విదేశీ పనివాడి మీదా కట్టాల్సింది పెరిగేసరికి మా కంపెనీ గుమాస్తాలను తగ్గించింది, నేనూ ఇంటికొచ్చాను. రాగానే అక్కావాళ్ళను చూడటానికి కాలనీకి వెళ్ళాను. స్లాబు అప్పటికీ పడలేదు. ఇనుప చువ్వలు పిల్లర్ల మీంచి తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. వాటి కింద రేకులు వేసుకుని ఉంటున్నారు. బావ చుట్టుపక్కల ఊళ్ళలో బోరు మోటార్లు దించే పనికి పోతున్నాడు. అక్క పెట్టిన చాయ్ తాగలేకపోయాను. బయట మంచం మీద కూర్చుని బావకు మొత్తం చెప్పాను.

బావ తుప్పు చువ్వల వైపు చూస్తూ అన్నాడు.

"గిన్నేండ్లు గా ముసలాయన్ని తిట్టుకుంట బతికిన్రా నేను. తిట్టాల్సింది నిన్నా?"

"నన్నే బావా."

"నువ్వు నాకు చెప్పుడు కాదు. ఆయనకు జెప్పు. నీ నోటితోని. నేను పక్కన కూసుంట. గీసారి సగం సగం జెప్పకు."

నంబరు దొరకడానికి మూడు నెలలు పట్టింది. పాత కాంపౌండువాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని అడిగి సంపాదించాను. స్పీకరు పెట్టి, ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెప్పి, అదే వాక్యం తెలుగులో చెప్పాను. పంపు గది, చీటీ, అవమానమన్న మాట, అన్నీ. ముసలాయన అన్నాడు: ఆ రోజు తర్వాత నేను ఏ మనిషినీ నా గడప మొదట దాటమని పిలవలేదు. ఎవర్ని నొప్పిస్తానో అని. మా అక్క పోయింది. పాట కూడా మానేశాను.

బావకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకుని ఫోను దగ్గరికి జరిగాడు. "నాకు చెప్పలే సార్. చెప్తె ఉరికొద్దును. గంతే. ఇది మంచిగ జెప్పు బామ్మర్దీ, ఉరికొద్దును అని."

చెప్పాను. పరుగెత్తుకుంటూ వచ్చేవాణ్ణంటున్నాడని. ఫోను పెట్టేశాక బావ నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. మోటారు పనికి ఆలస్యమైందని లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏటా డిసెంబరు ఆఖరి రోజు మధ్యాహ్నం నేను కాలనీకి వెళ్తున్నాను. వాళ్ళిద్దరూ ఫోనులో మాట్లాడుకుంటారు, ఒకరి పాటలు ఒకరు వింటారు, నేను మధ్యలో కూర్చుని ఒక్క మాట వదలకుండా చెబుతాను. బావ అక్కడ ఉండగలిగిన ఏళ్ళు నా చేతిలోనే పోయాయి. వాటి బదులు నేను ఇవ్వగలుగుతున్నది ఏడాదికి ఒక్క మధ్యాహ్నం.