జరీ పోగుతో కట్టిన బ్యాటరీ

మొన్న కోడలు కొత్త బ్యాటరీ స్కూటరు తెచ్చి, ముందుగదిలో ఛార్జింగుకు పెట్టి, నిశ్చింతగా టీవీ ముందు కూర్చుంది. నాకు మాత్రం కాలు నిలవలేదు. బ్యాటరీ వేడెక్కిందేమోనని మాటిమాటికీ పోయి సీటు కింద చెయ్యి పెట్టి చూస్తుంటే, అత్తకు చాదస్తం ముదిరిందని అనుకునే ఉంటుంది.

ఒకప్పుడు ఆ గదిలోనే మా గుంత మగ్గం ఉండేది. గుంతలో కాళ్లు పెట్టి నేసి నేసి మా ఆయనకు మోకాళ్లు అరిగిపోయాయి. చీరలు తీసుకుని ధర్మవరం పోవడానికి సైకిలు తొక్కలేక, దానికి మోటారు బిగించుకున్నారు. కొత్త బ్యాటరీ మన తాహతుకు ఎక్కడిది? పాత సామాన్లమ్మే గుజిరీ అంగడిలో వాడేసిన ల్యాప్‌టాప్ సెల్లులు ఏరుకొచ్చి, ఫోనులో చూస్తూ ఒక్కొక్కటీ అతికారు. అతికినవి కదలకుండా దారంతో బిగించారు. మీకూ తెలుసుగా, మా నేత ఇళ్లలో మంచం కోడు నుంచి విరిగిన కళ్లజోడు దాకా ఏది కట్టాలన్నా మగ్గం కింద రాలిన పోగులే గతి.

ఒక మధ్యాహ్నం ఆ బ్యాటరీని మగ్గం పక్కనే ఛార్జింగుకు పెట్టి, ఆయన గుంతలో దిగారు. మగ్గం మీద పెళ్లివారి పట్టుచీర, ఇంకో జానెడు నేస్తే అయిపోతుంది. నిప్పురవ్వ పడిందా, మా నెలల కష్టం బూడిదే. వంటింట్లో ఉన్న నాకు ఏదో మాడు వాసన తగిలింది. వచ్చి చూద్దును గదా, బ్యాటరీ లోంచి సన్నగా పొగ!

"ఏమయ్యా, పొగొస్తాండాది!" అని అరిచాను.

ఆయన లేవబోయారు, పాడు మోకాళ్లు లేవనిస్తేనా!

"ముందు వైరు పీకు మే! చేత్తో ముట్టుకోవాకు!"

వైరు పీకి, దాన్ని చేటలోకి తోసి, వాకిట్లోకి పరుగెత్తి, అప్పుడే ట్యాంకరు దగ్గర కొట్లాడి పట్టుకున్న నీళ్ల డ్రమ్ములో దభీమని పడేశాను. నీళ్లు బుసబుసమన్నాయి. వెనక్కి వచ్చేసరికి ఆయన చీర మీద రెండు చేతులూ కప్పి ఉన్నారు. ఇద్దరం ఏడ్చేశాం.

చల్లారాక విప్పి చూస్తే, పట్టు పోగులతో కలిసిపోయిన ఒక జరీ పోగు సెల్లుల నడుమ నల్లగా మాడి కనబడింది. జరీ అంటే లోహమేనని, దాంట్లో కరెంటు పారుతుందని, పుట్టినప్పటి నుంచీ దాన్ని వేళ్లతో తడిమిన మనిషికి తట్టలేదు చూడండి! తర్వాత పాడైన సెల్లులు తీసేసి వేరేవి వేసి, ప్లాస్టిక్ టేపు చుట్టి మళ్లీ కట్టారు. ఆ సైకిలు మీదే చాలా ఏళ్లు తిరిగారు. తిరిగినన్నాళ్లూ నేను తిడుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఆయన లేరు. పిల్లలు మగ్గం గుంత పూడ్చి టైల్స్ వేయించారు, స్కూటరు సరిగ్గా దాని మీదే నిలబడుతుంది. ఇల్లంతా ఊడ్చినా చేటలోకి ఒక్క జరీ పోగు రాదు. ఇక భయపడాల్సిందేమీ లేదని నాకూ తెలుసు. అయినా సీటు కింద చెయ్యి పెడతాను. చల్లగానే ఉంటుంది. తిట్టడానికి మనిషే లేడు.