నరసింగరావు బాబాయ్ షరతులు

మా నాన్నతో పాటు స్టీలు ప్లాంటులో పనిచేసిన నరసింగరావు బాబాయ్, షరతులు చదవనిదే ఏ వస్తువూ ముట్టడు. అగ్గిపెట్టెను అన్ని వైపులా చదివాకే పుల్ల గీస్తాడు. బస్సు టికెట్టు వెనకవైపు చదివేలోపు తను దిగవలసిన పవర్ హౌస్ స్టాపు దాటిపోతుంది. ప్లాంటులో మిల్లు ఆపి మరమ్మతు మొదలుపెట్టాలంటే ముందు పర్మిట్ కాగితం చదివి సంతకం పెట్టాలి. మిగతావాళ్లు ఆ అలవాటును గేటు దగ్గరే వదిలేసేవారు. ఈయన ఇంటికి తెచ్చుకున్నాడు.

నేను అందుకు పూర్తిగా వ్యతిరేకం. నా పెళ్లి శుభలేఖ కూడా చదవలేదు. అందులో మామగారి పేరు తప్పు పడిందని పందిట్లో తెలిసింది.

1998లో కోహ్కా పేటలో ఒక కంప్యూటరు, రెండు కుర్చీలతో కంపెనీ పెట్టి, బోర్డు మీద ‘ఇంటర్నేషనల్’ అని రాయించాను. ఏడాది గడిచాక ఒక పైపుల ఫ్యాక్టరీ ఆర్డరు దొరికింది. ధర్మకాంటా మీద లారీ తూగగానే బరువు చీటీ అచ్చయ్యే ప్రోగ్రాం కావాలట. అది పోతే బోర్డు దించి బావమరిది చెప్పుల కొట్లో కూర్చోవలసిందే. అందుకని పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోంచి సగం కోడు ఎత్తి నా ప్రోగ్రాంలో పెట్టేశాను. పైన సతీష్‌కుమార్ అని నా పేరు మాత్రం స్వయంగా టైపు చేశాను.

ప్లాంటులో కంప్యూటర్లు వచ్చాక ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న బాబాయ్ ఆ సీడీ చూశాడు.

“దీని షరతులు చదివేవేట్రా?”

“ఫ్రీ బాబాయ్! చదవడానికేముంది?”

లైసెన్సు మొత్తం చదివాడు. మధ్యలో రెండు టీలు, ఒక భోజనం అయ్యాయి.

“ఎవడైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. కానీ దీంతో చేసింది ఎవరికిచ్చినా లోపలి కోడు కూడా ఇవ్వాల. వాళ్లు దాన్ని ఇంకొకరికిస్తే నువ్వు కాదనకూడదు. మరి ఫ్యాక్టరీ వాళ్ల కాగితం ఏటంటోంది?”

అదీ నేను చదవలేదు. ప్రోగ్రాం ఎవరికైనా అమ్ముకోవచ్చు గానీ లోపలి కోడు మాత్రం బయటివాళ్లెవరికీ వెళ్లకూడదని అందులో ఉంది. ఆయనే చదివి చెప్పాడు.

“ఎవరు చూస్తారు బాబాయ్!”

“నేను చూసేనుగా.”

“వారమే ఉంది. ఇప్పుడు మళ్లీ రాయడమెలా?”

“నువ్వు రాయకూడదు. ఆ కోడు చూసేవు, చెయ్యి అటే పోతాది. నేను షరతులే చదివేను, కోడు చూళ్లేదు. చీటీలో ఏటుండాలో చెప్పు, చాలు.”

వారం రోజులూ నా తెర వైపు చూడకుండా, గోడ వైపు తిరిగి కూర్చుని కాగితాల మీద కొత్త కోడు రాశాడు. నేను టైపు చేశాను. ఫ్యాక్టరీ వాళ్లు ఒప్పుకున్నారు. ఆఖరి రోజు ఫైలు మొదట్లో ఏదో తనే టైపు చేసి, “నా షరతులు రాసేను. చదువుకో” అన్నాడు.

సగం కంపెనీ అడుగుతాడని భయపడి, చదవలేదు. ఆరు నెలలు బజార్లో ఆయన కనబడితే సందుల్లోకి దూరాను.

ఆ ప్రోగ్రామే కొనబోయిన రెండో ఫ్యాక్టరీ మేనేజరు, “అరే భయ్యా, యే తుమ్హారా హీ హై న?” అంటూ అది నా సొంతమేనా అని అడిగాడు. బాబాయ్ షరతుల్లో ఏముందో తెలియక, రేపు చెబుతానని వచ్చేశాను. చివరికి నా భార్య భాగ్యరేఖ ఆ ఫైలు అచ్చు తీసింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును కూడబలుక్కుని చదివింది.

“ఈ కోడు సతీష్‌కుమార్‌ది. ప్రోగ్రాం ఎవరికైనా అమ్ముకోవచ్చు. నా పేరు అక్కర్లేదు. షరతు ఒకటే. ఇది చదివిన రోజు మా ఇంట్లో భోజనం చెయ్యాల...”

నాకు సిగ్గేసింది. అంతవరకే విని, ఆ కాగితంతో సహా ఆమెను స్కూటరెక్కించుకుని పరుగెత్తాను. బాబాయ్ తలుపు తీశాడు.

“పది లైన్లు చదవడానికి ఆర్నెల్లేట్రా?”

“భాగ్యరేఖ చదివింది బాబాయ్.”

“అయితే భోజనం అమ్మాయికి. నువ్వు చదివి రా.”

లోపల్నుంచి వంకాయ కూర వాసన వస్తుంటే, వరండాలో నిలబడి, జీవితంలో మొదటిసారి షరతులు చివరిదాకా చదివాను. ఆఖరి లైను ఇది: “వీడికి ఆకలేస్తే పై షరతు చెల్లదు. చదవకపోయినా పెట్టాల.”