డైరెక్టరీ అక్క ఫోను పోగొట్టుకున్న రోజు

ఆసుపత్రిలో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పెద్ద డాక్టరు దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరికీ ఆవిడ డైరెక్టరీ అక్కే. మేడమెట్ల కింద, కిటికీ లేని గదిలో, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఇరవై ఆరేళ్ళు టెలిఫోను ఆపరేటరుగా పనిచేసింది. ఊళ్ళోవాళ్ళ నంబర్లన్నీ అచ్చేసిన లావుపాటి పుస్తకం ఆ గదిలోనూ ఒకటుండేది. ఆవిడ దాన్ని తెరిచిన పాపాన పోలేదు. మనిషి కాస్త పొట్టి కావడంతో, బల్ల అందేందుకు దాన్ని కుర్చీలో వేసుకుని పైన కూర్చునేది.

నంబర్లన్నీ నోటికొచ్చు. బ్లడ్ బ్యాంకు, ఫైర్ స్టేషను, మందుల దుకాణం సరే, ఎముకల డాక్టరు ఇంట్లో లేకపోతే ఏ స్నేహితుడింట్లో పేకాడుతుంటాడో, ఆ ఇంటి నంబరు కూడా. ఎవరైనా కాగితం చూసి నంబరు చెప్పబోతే, "మీరు పెట్టేయండి, నేను కలుపుతా" అని సగంలోనే ఆపేసేది. ఆ మాటలో కాస్త గర్వం వినిపించేది. వినిపించాల్సిందే మరి.

తర్వాత ఒక యంత్రం వచ్చింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని విసుగూ విరామం లేకుండా చెప్పేది. డైరెక్టరీ అక్క ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే ఇంటికి వచ్చేసింది. కొడుకు సెల్‌ఫోను కొనిచ్చాడు. దీని మొహం, ఇదేం గుర్తుపెట్టుకుంటుందని మొదట్లో పక్కన పడేసింది. ఆరు నెలలు తిరిగేసరికి అది చేతిలో లేకుండా కూరగాయలకి కూడా గడప దాటడం మానేసింది. భర్త నంబరంటే ఆయన నవ్వుతున్న ఫొటో. కొడుకు నంబరంటే పేరు పక్కన చుక్క గుర్తు. సొంత నంబరు ఎవరైనా అడిగితే, ఉండండి చూసి చెప్తాననేది. తనకి తనెప్పుడు ఫోను చేసుకుంది గనక!

ఈలోగా చెల్లెలితో మాటలు ఆగిపోయాయి. చెల్లెలు ఆసుపత్రికి రెండు వీధుల అవతల మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. సెల్‌ఫోను కొననంటే కొననని భీష్మించుక్కూర్చున్న మనిషి. అక్క కొడుకు పెళ్ళికి ఆవిడ రాలేదు. సొంత పిన్ని రాకపోవడమేమిటని అక్కకి ఒళ్ళు మండింది. ఎందుకు రాలేదని ఒక ఫోను చేసి అడగొచ్చు. కానీ తప్పు అవతలివాళ్ళదైతే తనెందుకు చేయాలి? అటు చెల్లెలు కూడా సరిగ్గా అదే అనుకుంటూ కూర్చుంది. అలా ఆరేళ్ళు గడిచిపోయాయి.

ఒక ఉదయం మోకాలి నొప్పి చూపించుకుందామని డైరెక్టరీ అక్క తన పాత ఆసుపత్రికే బయలుదేరింది. కారుని ఫోనులోనే పిలిచింది. డాక్టరు టైము ఫోనులోనే తీసుకుంది. పాత ఎక్స్‌రేలూ ఫోనులోనే ఉన్నాయి. కారు దిగి, అది మలుపు తిరిగి వెళ్ళిపోయాక చూసుకుంటే చేతిలో ఫోను లేదు. సీటు మీదే ఉండిపోయింది.

కౌంటరులో అమ్మాయి మర్యాదగానే అడిగింది.

"మీ నంబరు చెప్పండాంటీ. అది కొడితే అన్నీ వచ్చేస్తాయి."

వచ్చి చావనిది అదొక్కటే. పేరు చెప్పింది. ఆ పేరుతో పదకొండుమంది ఉన్నారట. ఇరవై ఆరేళ్ళు ఇక్కడే పనిచేశానని, అదిగో ఆ మెట్ల కింది గదిలోనేనని చెయ్యి చూపించింది. ఆ గది ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు చార్జింగ్ పెట్టుకునే బల్ల ఉంది. అమ్మాయి జాలిపడి కౌంటరు మీది ఫోనుని ముందుకు జరిపి, ఇంటికి చేసుకోమంది.

రిసీవరు ఎత్తగానే వేళ్ళు అలవాటుగా కదిలి, అంతలోనే ఆగిపోయాయి. భర్తది తొమ్మిదితో మొదలవుతుంది. లోకంలో సగంమందిది తొమ్మిదితోనే మొదలవుతుంది. కళ్ళు మూసుకుంటే బ్లడ్ బ్యాంకు నంబరు గడగడా వచ్చేసింది. పేకాట స్నేహితుడిదీ వచ్చింది. పాపం, ఆయన పోయి పదేళ్ళయింది. వాటి వెనకాలే ఇంకో నంబరు వచ్చింది. రోజుకి రెండుసార్ల చొప్పున ఏళ్ళ తరబడి తిప్పిన నంబరు. వద్దనుకుంటూ ఉండగానే వేళ్ళు దాన్ని నొక్కేశాయి.

"ఎవరు?" అంది చెల్లెలు. వెనక మిషను చప్పుడు వినిపిస్తోంది.

"నేనే."

మిషను ఆగింది. "పెళ్ళికి పిలవడానికి గుర్తురాని నంబరు ఇవాళెలా గుర్తొచ్చిందక్కా?"

"పిలవకపోవడమేమిటే? గ్రూపులో పెట్టాను కదా. అందరూ చూశారు."

"ఏ గ్రూపు?"

"మనవాళ్ళందరి గ్రూపు."

"అందులో నేనున్నానా?"

ఊరందరినీ ఒకరితో ఒకరిని కలిపిన మనిషి ఆ గ్రూపులో పేర్లు ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. ఆరోజు శుభలేఖ ఫొటో పెట్టిన గంటలో నలభై రెండు బొటనవేళ్ళు పైకి లేచాయి. ఆ సందడిలో లేవని వేలు ఎవరిదో చూసుకోవాలని తోచనేలేదు.

"లేవు," అంది చివరికి. "నేను చూసుకోలేదే."

ఎక్కడున్నావు, ఏమైందని అడిగి, ఫోను పోయిన సంగతి విని చెల్లెలు టక్కున పెట్టేసింది. పది నిమిషాల్లో, మెడలో కొలతల టేపుతోనే, అట్ట చిరిగిన నోటుపుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది. అందులో బావది, అక్క కొడుకుది, చివరికి అక్కది కూడా, అందరి నంబర్లూ రాసి ఉన్నాయి. అక్క నంబరుకి కొడితే కారు డ్రైవరే ఎత్తాడు. అరగంటలో తెచ్చిస్తానన్నాడు.

ఆ అరగంట ఇద్దరూ చార్జింగ్ బల్ల పక్కన కూర్చున్నారు. అందరివీ మరిచిపోయి తనదొక్కటే గుర్తుపెట్టుకుందని చెల్లెలు కళ్ళొత్తుకుంది. సెల్‌ఫోను నంబర్లేవీ బుర్రలోకి ఎక్కలేదని, నీది పాత ల్యాండ్‌లైను కాబట్టే మిగిలిందని చెప్పడానికి అక్క నోరు తెరిచింది. తెరిచిన నోటిని మళ్ళీ మూసుకుంది.

ఆ వారమే పట్టుబట్టి చెల్లెలి చేత సెల్‌ఫోను కొనిపించి, తన చేత్తోనే గ్రూపులో చేర్చింది. ఇక పాతదానితో పనేముందని చెల్లెలు ల్యాండ్‌లైను తీయించేసింది. నెల తిరక్కుండానే ఆవిడకి చెయ్యి తిరిగింది. తెల్లారితే పువ్వుల బొమ్మలు, పిల్లుల వీడియోలు, వెల్లుల్లి మహిమలు, రోజుకి అరవైకి తగ్గకుండా వచ్చిపడేవి. ఆరేళ్ళ మౌనానికి వడ్డీ అనుకుని అక్క కొన్నాళ్ళు ఓర్చుకుంది. తర్వాత చప్పుడు రాకుండా ఆపే బొత్తామేదో కొడుకుని అడిగి తెలుసుకుంది.

మొన్న మధ్యాహ్నం చెల్లెలు ఫోను చేసింది.

"పొద్దున పంపిన ఫొటో చూశావా అక్కా?"

"చూశానే. చాలా బాగుంది."

"మిషను సూది నా వేల్లో దిగింది. అదా బాగుంది?"

మళ్ళీ ఇంకో ఆరేళ్ళేమో అనుకుంది డైరెక్టరీ అక్క.

"ఆ చప్పుడు ఆపే బొత్తామేదో నాకూ చెప్పు," అంది చెల్లెలు నెమ్మదిగా. "గిరాకీలు మెసేజీలతో నా ప్రాణం తీస్తున్నారు."